ఫ్యాన్ల విమానం, పెద్ద విమానం

రాజమండ్రి దగ్గరి మధురపూడి ఎయిర్‌పోర్టు అద్దాల ముందు నా పక్కనే నిలబడండి. కోరుకొండ వైపు ఆకాశం కేసి చూడండి. రాత్రి వాన కురిసి వెలిసింది. గాలిలో దుమ్ము లేదు. సెప్టెంబర్ ఎండలో మొదట దీపాలు కనిపిస్తాయి. ఆ తర్వాత వాటి పైన సన్నటి గీత ఒకటి తేలుతుంది. అదే రెక్క. పొట్ట కింద కాకుండా వీపు మీద ఉంది, గమనించారా? హైదరాబాద్ నుంచి వస్తున్న ఏటీఆర్ 72-600 అది. రన్‌వే మీద వాలిందో లేదో, ప్రొపెల్లర్ల హోరు ఒక్కసారిగా గరుకెక్కుతుంది. ప్రొపెల్లర్ రెక్కల కోణం మార్చి గాలికి అడ్డం పెట్టి వేగం తగ్గిస్తున్నారన్నమాట. ఈ గరుకు శబ్దం వినడానికే నేను ఎప్పుడూ అరగంట ముందు వచ్చి ఈ అద్దం దగ్గర చోటు చూసుకుంటాను.

విమానం మన ఎదురుగా వచ్చి ఆగింది. ఇప్పుడు కుడి ఇంజిన్ మీదే చూపు ఉంచండి. ప్రొపెల్లర్ ఆగిపోయింది, కానీ ఇంజిన్ ఈల మాత్రం ఆగలేదు. పెద్ద విమానాలకు నేల మీద ఉన్నప్పుడు కరెంటు, ఏసీ ఇవ్వడానికి తోకలో చిన్న ఇంజిన్ ఒకటి విడిగా ఉంటుంది. ఏటీఆర్‌కు అది లేదు. దాని బరువు మిగుల్చుకుని, కుడి ఇంజిన్ ప్రొపెల్లర్‌కు బ్రేకు వేసి, ఇంజిన్‌ను మాత్రం నడుపుతారు. దీన్ని హోటల్ మోడ్ అంటారు. ఇంతలో ఒక కుర్రాడు పరుగున వచ్చి తోక కింద ఊతకర్ర నిలబెట్టాడు. జనం ఎక్కే తలుపు వెనక ఉంది, సామాను తలుపు ముందు, కాక్‌పిట్ వెనకాలే ఉంది. అందరూ ఒకేసారి వెనక గుమిగూడితే తోక నేలకు వంగే ప్రమాదం ఉంది కాబట్టి ఆ కర్ర. ఇంత తెలివిగా, ఇంత పొదుపుగా చేసిన యంత్రాన్ని చూస్తుంటే నాకు ఎప్పటికీ విసుగు రాదు.

మనం వెళ్ళాల్సింది ఢిల్లీ. ఇక్కడి నుంచి ఢిల్లీకి నేరుగా విమానం 2024 డిసెంబర్‌లో మొదలైంది. అయినా నేను హైదరాబాద్ మీదుగా టికెట్టు తీసుకున్నాను. ఒకే ఉదయం ప్రొపెల్లర్ విమానం, జెట్ విమానం రెండూ ఎక్కే అవకాశాన్ని రెండు మూడు గంటలు మిగుల్చుకోవడం కోసం వదులుకోలేను. చేతిలో రెండు బోర్డింగ్ పాసులున్నాయి. బ్యాగుకు కట్టిన ట్యాగ్ మీద మాత్రం ఢిల్లీ కోడే పెద్దక్షరాల్లో ఉంది.

నా వెనకాల వరుసలో నిలబడ్డ మామ్మగారికి ఆ ట్యాగ్ మీదే బెంగ.

"బాబూ, సామాను హైదరాబాద్‌లో దింపుకోవాలా? మా అబ్బాయి ఫోన్‌లో ఏదో చెప్పాడు గానీ నాకు సరిగా వినపడలేదు."

"అక్కర్లేదండి మామ్మగారూ. మీ చీటీ మీద ఢిల్లీ అనే ఉంది. అది మన కంటే ముందే రెండో విమానంలోకి చేరుతుంది. మనం నడిచి వెళ్ళి ఎక్కడమే."

"నువ్వూ ఢిల్లీకేనా? అయితే నీ వెనకాలే వస్తాను."

గాజు తలుపు తీశారు. తడిసిన నేల మీద నడక. ఈ నడక పెద్ద ఎయిర్‌పోర్టుల్లో దొరకదు. కాళ్ళ కింద కాంక్రీటు, ముక్కుకు కిరోసిన్ వాసన, తలెత్తితే ఆరు రెక్కల ప్రొపెల్లర్. దాని అడ్డకొలత దాదాపు నాలుగు మీటర్లు. రెక్కల అంచులు కత్తిలా నిటారుగా కాకుండా వెనక్కి వంపు తిరిగి ఉన్నాయి. మామ్మగారు కూడా ఆగి చూశారు. "ఈ ఫ్యాన్ల విమానం గట్టిదేనా బాబూ? ఒక ఫ్యాను ఆగిపోతే ఏంటి గతి?"

"రెండోదానితో ఎగురుతుందండి. ఆగిపోయిన ఫ్యాను రెక్కలు గాలికి అడ్డుపడకుండా అంచు తిప్పుకుని నిలబడతాయి. ఒక్క ఇంజిన్‌తో కూడా పైకి ఎక్కేలాగే దీన్ని తయారు చేశారు."

ఆవిడ తల ఊపి మెట్లెక్కారు.

లోపల అటు రెండు, ఇటు రెండు సీట్లు. మొత్తం 78. నేను ముందే ఎంచుకున్నది ఎడమవైపు, రెక్క కింద వరుస. రెక్క కింద కూర్చుంటే ఏం కనిపిస్తుందని చాలామంది అడుగుతారు. మామూలు జెట్‌లో అయితే నిజమే, రెక్క తప్ప ఏమీ కనిపించదు. ఏటీఆర్‌లో రెక్క నెత్తిన ఉంటుంది కాబట్టి కింద అంతా ఖాళీ. పైగా పొట్ట పక్కనున్న ఉబ్బులోంచి చక్రాలు బయటికి రావడం, లోపలికి ముడుచుకోవడం కిటికీలోంచే చూడొచ్చు. విమానం నేలను వదిలే క్షణాన్ని, తాకే క్షణాన్ని ప్రయాణికుడు కంటితో చూడగలిగే సీటు ఇంతకంటే మంచిది నాకు తెలియదు.

రెండు ప్రొపెల్లర్లూ తిరగడం మొదలైంది. రెక్కలు విడివిడిగా కనిపించడం మానేసి, పలుచటి బూడిదరంగు చక్రంగా మారాయి. ఈ రన్‌వే ఇప్పుడు మూడు కిలోమీటర్లు దాటింది. మన విమానానికి అంత అవసరం లేదు. పూర్తి బరువుతో 23 టన్నులుండే ఏటీఆర్‌కు 1,300 మీటర్ల చిల్లర చాలు. నైరుతి గాలికి ఎదురుగా తిరిగి నిలబడ్డాం. పైలట్ పవర్ లీవర్లు ముందుకు తోశాడు. ప్రొపెల్లర్ నిమిషానికి 1,200 చుట్లు తిరుగుతోంది. లోపల టర్బైన్ వేగం అయితే నిమిషానికి 20,000 చుట్లు. ఆ వేగాన్ని ఈ వేగానికి దించేది ఇంజిన్ ముందున్న గేర్‌బాక్స్. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, హైదరాబాద్‌లో మళ్ళీ పనికొస్తుంది.

వెన్ను సీటుకు ఆనుకుంది. కిటికీ కింద చక్రం తడిని చిమ్ముతూ దొర్లుతోంది. ముక్కు లేచింది. చక్రానికీ నేలకూ మధ్య వెలుతురు దూరింది. లేచాం! చక్రం ఇంకా తిరుగుతూనే ఉబ్బులోకి ముడుచుకుంది, తలుపు మూసుకుంది.

కాసేపట్లోనే గోదావరి వచ్చింది. వానకాలం చివరి నీళ్ళు, ఎర్రగా, ఒడ్డు నుంచి ఒడ్డు దాకా నిండుగా. విమానం కుడివైపు వంపు తిరిగే లోపు ఎడమ కిటికీలో మూడు రైలు వంతెనలు వరసగా పరుచుకున్నాయి. 1900లో తెరిచి 1997లో రైళ్ళు ఆపేసిన హేవలాక్ వంతెన, దాని పక్కనే అదే 1997లో వచ్చిన ఆర్చి వంతెన, ఎగువన 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన. ఆ చివర ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నది పాయలుగా విడిపోతోంది. అక్కడి నుంచి సముద్రం దాకా ఆకుపచ్చ తప్ప ఇంకో రంగు లేదు. ఈ వంతెనల మీద రైల్లో వెళ్ళినవాళ్ళు లక్షలమంది ఉంటారు. మూడింటినీ ఒకే చూపులో పట్టుకోవాలంటే మాత్రం ఇంత ఎత్తు కావాలి. ఇంకా ఎత్తైతే మళ్ళీ కుదరదు.

ఇదిగో, ఇప్పుడు శబ్దం వినండి. హోరు ఒక మెట్టు దిగింది. మొదటిసారి ఎక్కినవాళ్ళు ఇక్కడ ఉలిక్కిపడి సీటు చేతుల్ని పట్టుకుంటారు. ఏమీ కాలేదు. టేకాఫ్ అయిపోయింది కాబట్టి ప్రొపెల్లర్ వేగాన్ని 82 శాతానికి తగ్గించారు. రెక్కల కోణం పెరిగింది. తక్కువ చుట్లతోనే ఎక్కువ గాలిని కొరుకుతున్నాయి. మామ్మగారు రెండు వరుసల ముందు నుంచి తల తిప్పి నా కేసి చూశారు. బాగానే ఉందని చెయ్యి ఊపాను.

18,000 అడుగుల దగ్గర సమంగా సాగుతున్నాం. గంటకు 500 కిలోమీటర్ల లోపు వేగం. జెట్ విమానమైతే దీనికి రెట్టింపు ఎత్తులో వెళ్తుంది. అక్కడి నుంచి ఊళ్ళు చుక్కలు. ఇక్కడి నుంచి చెరువు గట్లు, తాటిచెట్ల వరసలు, ఖమ్మం పొలాల మధ్య ఎర్రమట్టి దారులు, గుడి గోపురం తెల్లదనం కూడా తెలుస్తాయి. మబ్బుల పైన కాకుండా మబ్బుల మధ్య నుంచి పోతాం. గంట ప్రయాణానికి జెట్ అంత ఎత్తు ఎక్కి దిగడంలోనే బోలెడు ఇంధనం అయిపోతుంది. ఏటీఆర్ గంటకు తాగేది ఏడు వందల కిలోలకు అటూ ఇటూ. చిన్న ఊళ్ళకు విమానం వచ్చిందంటే ఆ లెక్కే కారణం. 2017 డిసెంబర్‌లో ఇండిగో ఏటీఆర్‌లను మొదలుపెట్టినప్పుడు హైదరాబాద్‌నే కేంద్రం చేసుకుంది. రాజమండ్రి, తిరుపతి లాంటి ఊళ్ళను ఆ విమానాలు కలిపాయి. ప్రొపెల్లర్ అంటే పాతకాలపు సరుకు అని ముఖం చిట్లించేవాళ్ళతో నేను వాదనకు దిగుతాను. తక్కువ దూరానికి దీన్ని మించింది ఇంకా రాలేదు.

నల్లగొండ దాటాక రాళ్ళగుట్టలు మొదలయ్యాయి. ఔటర్ రింగ్ రోడ్డు వంపు కనిపించింది. దాని పక్కన ఆదిభట్ల. ఆ పెద్ద షెడ్లలో టాటా, బోయింగ్ కలిసి పెట్టిన కర్మాగారం ఉంది. అపాచీ హెలికాప్టర్ల దేహాలు, బోయింగ్ 737 తోక రెక్కలు అక్కడే తయారై అమెరికా వెళ్తాయి. తూర్పు వైపు నుంచి దిగే విమానాలు దాదాపు దాని మీదుగానే పోతాయి గానీ ఆ వైపు చూసేవాళ్ళు తక్కువ.

చక్రం బయటికి వచ్చి బిగుసుకుంది. దాని కింద పొదలు, కంచె, రన్‌వే అంచు గీతలు. ఇక మాట్లాడను, మీరే చూడండి. నిశ్చలంగా వేలాడుతున్న చక్రం నేలను ముట్టుకోగానే తెల్లటి పొగ ఎగజిమ్మి, కన్నుమూసి తెరిచేలోగా పూర్తి వేగం అందుకుంది.

శంషాబాద్. 2008 మార్చిలో బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలన్నీ ఇక్కడికి మారాయి. ఏటీఆర్‌లను దూరంగా ఓ మూల నిలబెడతారు కాబట్టి టెర్మినల్‌కు బస్సులో వెళ్ళాలి. ఆ బస్సు ప్రయాణం మాలాంటివాళ్ళకు పండుగ. అటు వరసగా తోకలు, ఇటు ఎమిరేట్స్ 777 ఇంజిన్. ఆ ఇంజిన్ గొట్టం వెడల్పు మనం దిగిన ఏటీఆర్ పొట్ట కంటే ఎక్కువ. మామ్మగారు నా చెయ్యి పట్టుకుని నిలబడి, "అందులో ఎంతమంది పడతారు?" అన్నారు. మూడు వందల పైనే అన్నాను.

ట్రాన్స్‌ఫర్ దారిలో మళ్ళీ సెక్యూరిటీ చెక్. బెల్టు తీయడం, ఫోన్ ట్రేలో పెట్టడం. పెద్దగా చెప్పడానికేం లేదు. కానీ ఆ వరసలో నిలబడ్డవాళ్ళ చేతుల్లోని పాసులు చూడండి. ఇదే గంటలో చిన్న ఊళ్ళ నుంచి చిన్న విమానాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి వాలతాయి. ఒక్కోదానిలోంచి దిగినవాళ్ళు ఢిల్లీకి కొందరు, ముంబైకి కొందరు, దుబాయ్‌కి కొందరుగా చీలిపోతారు. ఏ చిన్న ఊరూ ఒంటరిగా పెద్ద విమానాన్ని నింపలేదు. అన్నీ కలిసి నింపుతాయి. కనెక్షన్ అంటే ఎదురుచూపులే అనుకునేవాళ్ళు ఇక్కడ పది నిమిషాలు నిలబడితే, ఊరికీ ఊరికీ మధ్య ముడి ఎలా పడుతుందో తెలుస్తుంది.

నిజానికి మన దేశంలో టాటాలు నడిపిన తొలి విమాన టపా ప్రయాణమే చేతులు మారింది. 1932 అక్టోబర్ 15న జేఆర్‌డీ టాటా చిన్న పుస్ మాత్ విమానంలో టపా సంచులతో కరాచీలో బయలుదేరి, అహ్మదాబాద్ మీదుగా బొంబాయి చేరాడు. అక్కడి నుంచి ఆ టపాను బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చింది పైలట్ నెవిల్ వింట్‌సెంట్. తర్వాత నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి డకోటాలు నడిపింది. 1953 జాతీయీకరణలో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. ఈ నగరానికి ముడులు వేయడం కొత్త కాదు.

గేటు దగ్గరికి వచ్చాం. అద్దం అవతల ఎయిర్‌బస్ ఏ321నియో. పొడవు 44 మీటర్లు దాటుతుంది, పూర్తి బరువు 97 టన్నులు. మనం దిగిన విమానానికి నాలుగింతలు. ఈ రకానికి రెండు కంపెనీల ఇంజిన్లలో ఏదో ఒకటి ఉంటుంది. ఏదో తెలుసుకోవడం ఎలా? గాలికి ఇంజిన్ ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది, రెక్కలు లెక్కపెట్టండి. 18 ఉంటే అది లీప్ ఇంజిన్. మన ఎదురుగా ఉన్నదానికి 20. ప్రాట్ అండ్ విట్నీ గేర్డ్ టర్బోఫ్యాన్!

ఇందాక గుర్తుపెట్టుకోమన్న గేర్‌బాక్స్ ఇక్కడే వచ్చింది. దశాబ్దాలపాటు చాలా జెట్ ఇంజిన్లలో ముందు ఫ్యాను, దాన్ని తిప్పే టర్బైన్ ఒకే ఇరుసు మీద ఒకే వేగంతో తిరిగేవి. టర్బైన్‌కు వేగం ఎక్కువైతే మంచిది, ఫ్యానుకు తక్కువైతే మంచిది. ఇద్దరికీ నచ్చని మధ్యేమార్గంతో సర్దుకున్నారు. ఈ ఇంజిన్‌లో వాటి మధ్య గేర్‌బాక్స్ పెట్టి, ఫ్యాను వేగాన్ని టర్బైన్ వేగంలో మూడో వంతుకు దించారు. అందువల్ల రెండు మీటర్లు దాటిన పెద్ద ఫ్యాను పెట్టగలిగారు. మధ్యలోని మంట దారిలో ఒక వంతు గాలి పోతే, దాదాపు పన్నెండు వంతులు చుట్టూ పోతుంది. ఎక్కువ గాలిని మెల్లగా నెట్టు, ఇంధనం మిగులుతుంది. ఉదయం మధురపూడిలో చూసిన ప్రొపెల్లర్ చేసిన పని ఇదే. ఆ ఏటీఆర్ ఇంజిన్ కూడా ప్రాట్ అండ్ విట్నీ కెనడా శాఖదే. ఫ్యాన్ల విమానం పాతది, జెట్ కొత్తది అనే మాట ఈ అద్దం ముందు నిలబడదు. కొత్త జెట్ నేర్చుకున్నది ప్రొపెల్లర్ దగ్గరే.

ఈ ఇంజిన్‌కు కష్టాలూ వచ్చాయి. కొన్ని భాగాల తయారీకి వాడిన లోహపు పొడిలో లోపం ఉందని 2023లో బయటపడింది. ప్రపంచమంతటా వందల విమానాలు తనిఖీల కోసం నేల మీద నిలిచిపోయాయి. అయినా ఆలోచన సరైనదే. లోపం లోహంలో ఉంది, గేర్‌లో లేదు.

లోపల మామ్మగారి సీటు ఎక్కడో వెనక. నా పక్కనున్న కుర్రాడు అడగకుండానే లేచి ఆవిడకు చోటిచ్చాడు. విమానాన్ని వెనక్కి నెడుతున్నారు. ఒక ఇంజిన్ రాజుకుంది. రెండోది రాజుకుంటుండగా నేల కింద నుంచి కుక్క మొరిగినట్టు చప్పుడు. మామ్మగారు కాళ్ళు పైకి లాక్కున్నారు. ఒక హైడ్రాలిక్ వ్యవస్థ నుంచి ఇంకో దానికి ఒత్తిడి అందించే పరికరం తనను తాను పరీక్షించుకునే చప్పుడు అది. ఎయిర్‌బస్ 320 కుటుంబపు విమానాలు ఇలాగే పలకరిస్తాయి. నాకైతే ఇది వినకపోతే బయలుదేరినట్టే ఉండదు.

టేకాఫ్‌లో తేడా ఒంటికే తెలుస్తుంది. ఏటీఆర్ వణుకుతూ, మాట్లాడుతూ లేచింది. ఇది నిశ్శబ్దంగా, చాలాసేపు పరిగెత్తి, బరువుగా లేచింది. ఉత్తరానికి తిరిగాం. కాసేపటికి నేల మీద పెద్ద వెండి పలక మెరిసింది. శ్రీరాంసాగర్.

"మామ్మగారూ, అది గోదావరండి."

ఆవిడ నా మీదుగా కిటికీ దాకా వంగారు. "మనదేనా? పొద్దున్నే గదా దాటాం!"

"అదేనండి. ఈ నీళ్ళు మీ ఊరు చేరాలంటే ఇంకా బోలెడు దూరం నడవాలి."

ఒకే ఉదయం ఒకే నదిని రెండు చోట్ల, రెండు ఎత్తుల నుంచి చూశాం. ఇక్కడ ఎర్రదనం లేదు, పాయలు లేవు, వంతెనలు దారపు పోగులంత. ఎత్తు పెరిగితే నది మొత్తం ఆకారం అందుతుంది, ఒడ్డు చేజారుతుంది. నాకు రెండూ కావాలి.

సాత్పురా అడవుల మీద మబ్బులు కమ్ముకున్నాయి. నర్మద ఒక సందులోంచి కనిపించి మాయమైంది. చంబల్ దగ్గర మబ్బు విడిపోయింది. వేల ఏళ్ళ వాన కోసిన లోయలు, ఒకదాంట్లోంచి ఒకటి చీలుతూ, ఈ ఎత్తు నుంచి తప్ప అర్థం కాని నేల. మామ్మగారు నిద్రపోయారు. లేపలేదు.

ఢిల్లీలో దక్షిణం వైపు రన్‌వే మీద దిగాం. మన టెర్మినల్ ఉత్తరాన ఉంది. అక్కడికి వెళ్ళే దారిలో కిందికి చూడండి. కార్లు, టాక్సీలు, బస్సులు మన రెక్క కింద నుంచి పోతున్నాయి! 2023 జూలైలో నాలుగో రన్‌వేతో పాటు తెరిచిన ఎత్తైన టాక్సీవే ఇది. 2.1 కిలోమీటర్ల పొడవు. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది. దీనివల్ల విమానం నేల మీద తిరగాల్సిన దూరం దాదాపు ఏడు కిలోమీటర్లు తగ్గింది. మామ్మగారు లేచి ఆ కార్లను చూసి, "ఇంకా గాల్లోనే ఉన్నామా?" అని అడిగారు. లేదండి, వంతెన మీద ఉన్నాం అన్నాను.

బెల్టు మీద ఆవిడ బ్యాగు, నా బ్యాగు కొద్ది తేడాతో వచ్చాయి. బయట ఆవిడ కొడుకు నిలబడి ఉన్నాడు.

మీరు ఈసారి టికెట్టు తీసుకునేటప్పుడు ధర పక్కనే ఏ రకం విమానమో కూడా రాసి ఉంటుంది, చూడండి. ఏటీఆర్ అయితే రెక్క కింద వరుస అడగండి. రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కు ఎడమవైపు తీసుకోండి. సిబ్బంది మూయమంటే తప్ప కిటికీ రెప్ప దించకండి. పిల్లలుంటే ఆ సీటు వాళ్ళకివ్వండి. దారిలో ఏ నదులు వస్తాయో ముందే మ్యాప్‌లో చూసి పెట్టుకుని, వచ్చినప్పుడు పేరు పెట్టి చూపించండి.